నీలోఫర్ రాకుమారి జీవితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడను, పండితుడను కాను. కొలతలును, శిస్తు బాకీలును వ్రాయు చేతితోనే తీరిక దొరకినపుడు నిఘంటువు ప్రక్క నుంచుకొని కావ్యములు చదువుకొంటిని. గురువు లేని చదువు గనుక తప్పులుండక మానవు. పెద్దలు మన్నింతురు గాక. రాజుల చరిత్రములును, దేశనాయకుల చరిత్రములును వ్రాయుటకు నాకంటె సమర్థులు కలరు. నేను ఒక కోడలి కథ వ్రాయదలచితిని.

మన ఉద్దానపు పల్లెలనుండి కూలిపనులకును, చదువులకును హైదరాబాదు పోయి వచ్చిన యువకులను కొందరిని, నీలోఫర్ అన నేమని యడిగి చూచితిని. పిల్లల ఆసుపత్రి యని కొందరు చెప్పిరి. మంచి తేనీరు దొరకు అంగడి యని మరికొందరు చెప్పిరి. అది ఒక స్త్రీ పేరని చెప్పినవాడు ఒక్కడును లేడు. తన పేరు ఇంతగా నిలిచియుండగా తాను ఇంతగా మరుగుపడిన స్త్రీ మరియొకతె యుండునా యని నాకు తోచినది. ఈ వ్యాసమునకు కారణమదియే.

ముందుగా ఆ పేరు సంగతి. నీలోఫర్ అను మాట పారసీక భాషలోనిది; అచటినుండి తురుష్క భాషకు పోయినది. ఆ పారసీక పదమునకు మూలము మన సంస్కృతమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నీలోత్పలమే నోరు మారి నీలోఫరైనది. అనగా నల్లకలువ. కావ్యములు చదివినవారికి ఈ పుష్పము క్రొత్తది కాదు. నాయిక కన్నులను వర్ణింపవలసివచ్చినపుడెల్ల మన కవులు దానినే తలచుకొనిరి. ఈ దేశమునుండి వెడలిన మాట ఎంతో దూరమున ఒక ఆడశిశువునకు పేరయ్యెను. ఆ శిశువు పెరిగి కోడలై మరల ఈ దేశమునకే వచ్చెను.

రాచబిడ్డలు దూరదేశములకు కోడండ్రగుట అనాదిగా నున్న ఆచారమే. గాంధారదేశపు గాంధారి హస్తినాపురమునకును, కేకయరాజపుత్రి కైక అయోధ్యకును వచ్చిన కథలు మనకు తెలిసినవే. అంతదూరము పోనక్కరలేదు. మన జిల్లాలోనే, వంశధార యొడ్డున ముఖలింగమున కళింగనగరమును ఏలిన గంగరాజుల యింటికి చోళుల ఆడబిడ్డ రాజసుందరి కోడలై వచ్చెను. ఆమె కడుపున పుట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టము కట్టుకొని, పూరీ జగన్నాథస్వామి మహాలయమునకు కారకుడయ్యెను. కొడుకు వేయించిన తామ్రశాసనములలో తల్లి పేరు నిలిచియున్నది. రాచకోడలి పేరు నిలుచుటకు లోకము ఎరిగిన త్రోవ అదియే. కొడుకును కనవలెను, ఆ కొడుకు రాజు కావలెను. కడుపు పండని కోడలి పేరు ఏ శాసనమున నుండును? చదువరులు ఈ ప్రశ్నను మనసున నుంచుకొని ఈ కథ చదువవలెనని నా ప్రార్థన.

నీలోఫర్ 1916వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఇస్తాంబూలు నగరమున జన్మించెను. ఆ నగరము నాడు ఉస్మానియా సామ్రాజ్యమునకు రాజధాని. ఆరువందల సంవత్సరములకు పైగా ఒక్క వంశమువారే ఏలిన సామ్రాజ్యమది. 1453లో వారు కాన్‌స్టాంటినోపిలును జయించి దానిని తమ రాజధానిగా చేసికొనిరి. వారి ప్రభువు సుల్తానుగా రాజ్యమును పాలించుటయే కాక, ఖలీఫాగా సున్నీ ముస్లిములకు మతవిషయమున పెద్దగా నుండెను. నీలోఫర్ తల్లి అదీలే సుల్తాన్ ఈ వంశపు బిడ్డ. సుల్తాను అయిదవ మురాదునకు మనుమరాలు. ఆ మురాదు 1876లో మూడు నెలలు మాత్రమే సింహాసనమున నుండి, మతి చెడినదను కారణమున తొలగింపబడి, 1904లో చనిపోవువరకు మహలులోనే నిర్బంధమున నుండెను. ఆ వంశమున ఐశ్వర్యమును నిర్బంధమును ఒకదాని వెంట నొకటి వచ్చుచునే యుండినవి.

నీలోఫర్ పుట్టునాటికి మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండెను. 1918లో యుద్ధము ముగిసెను. ఉస్మానియా సామ్రాజ్యము ఓడిపోయెను. అప్పటికామెకు రెండేండ్లు. ఆ పసితనముననే తండ్రియు పోయెను. తరువాత ముస్తఫా కెమాలు నాయకత్వమున తురుష్కులు క్రొత్త రాజ్యమును నిర్మించుకొనిరి. 1922 నవంబరులో సుల్తాను పదవిని రద్దు చేసిరి. 1924 మార్చి 3వ తేదీన ఖలీఫా పదవిని గూడ రద్దు చేసి, రాజవంశీయులందరును దేశము విడిచి పోవలెనని శాసనము చేసిరి. పురుషులకు గంటలలోను, స్త్రీలకు దినములలోను గడువిచ్చిరి. ఎనిమిదేండ్ల బాలిక తల్లి చేయి పట్టుకొని పుట్టిన నేలను విడిచెను. ఆ శాసనము ప్రకారము వారెన్నడును తిరిగి రాగూడదు.

తల్లీబిడ్డలు ఫ్రాన్సు దేశపు దక్షిణతీరమున నీసు నగరమును చేరిరి. కడపటి ఖలీఫా అబ్దుల్ మజీదు కూడ కుమార్తె దుర్రు షెహ్వారుతో అచటికే చేరెను. అది సముద్రతీరము, అందమైన యూరు, సంపన్నులు విహారమునకు వచ్చు చోటు. కాని విహారమునకు వచ్చినవాని సముద్రము వేరు, దిక్కులేక వచ్చినవాని సముద్రము వేరు. కడలియొడ్డున నున్న మనకు ఆ భేదము చెప్పనక్కరలేదు. రాజవంశీయులు పలువురు నగలమ్ముకొని దినములు గడపవలసివచ్చెను.

ఖలీఫా పదవిని నిలుపవలెనని మన దేశమున జరిగిన ఖిలాఫతు ఉద్యమమును పెద్దలెరుగుదురు. గాంధీమహాత్ముడు సహాయనిరాకరణోద్యమముతో దానిని కలిపి నడిపెను. ఆ ఉద్యమనాయకులైన అలీ సోదరులలో షౌకత్ అలీ యొకడు. పదవి పోయి పరదేశమున నున్న ఖలీఫాను ఆదుకొనుమని అతడు హైదరాబాదు నైజామును కోరెను. ఏడవ నైజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911 మొదలు రాజ్యమేలుచుండెను. ప్రపంచమున అతనిని మించిన ధనవంతుడు లేడని ఆ కాలమున ప్రసిద్ధి. అతడు ఖలీఫాకు నెలకు 300 పౌనులు భరణముగా నేర్పరచెను.

ఇచ్చట ఒక మాట. నైజాము మనకు పరాయి కాడు. 1766లో ఇంగ్లీషువారికి ఒప్పగించువరకు మన శ్రీకాకుళము సర్కారు నైజాము ఏలుబడిలోనిదే. పాత దస్తావేజులలో మనము నేటికిని వాడు ఫసలీ, జమాబందీ, దస్తూరీ వంటి మాటలన్నియు ఆ తురకల యేలుబడులు మిగిల్చి పోయినవే. కనుక ఆ యింటి కోడలి కథ మనకు పరాయి కథ కాదు.

భరణము నుండి బంధుత్వము పుట్టినది. నైజాము పెద్దకుమారుడు ఆజం జాహునకు ఖలీఫా కుమార్తె దుర్రు షెహ్వారును, రెండవ కుమారుడు మొఅజ్జం జాహునకు నీలోఫరును ఇచ్చి చేయుటకు షౌకత్ అలీ మధ్యవర్తియయ్యెను. పెద్దమ్మాయికి అడిగిన మహరు ఎక్కువగా నున్నదని నైజాము వెనుదీయగా, ఆ సొమ్ముతోనే ఇద్దరు కోడండ్రు వత్తురని మధ్యవర్తులు నచ్చజెప్పిరని జనులు చెప్పుకొందురు. అది నిజమో వినోదమునకు కల్పించినదో గాని, లెక్కలు వ్రాయువానికి ఆ మాట విన్నప్పుడు నవ్వు రాలేదు. ఒక బాలిక మరియొక బాలిక లెక్కలో జమ పడినది.

1931లో నీసు నగరమున ఈ వివాహములు జరిగినవి. నీలోఫరునకు నాటికి పదునైదేండ్లు. వరుడు 1907లో పుట్టినవాడు. రాజ్యము పోయిన వంశమునకు ఆశ్రయము దొరకినది. ధనము గల వంశమునకు ఖలీఫా సంబంధమను గౌరవము దొరకినది. వియ్యమువలన ఉభయులకును లాభమే కలిగెను. పెండ్లికూతుండ్ర మనసు లెట్లుండెనో ఏ పత్రమునందును వ్రాసి యుండదు.

1931 డిసెంబరులో వధూవరులు పిల్స్నా యను ఓడలో హిందూదేశమునకు బయలుదేరిరి. లండనులో రెండవ రౌండుటేబిలు సమావేశము ముగించుకొని గాంధీమహాత్ముడు తిరిగి వచ్చినది ఆ ఓడలోనే. బొంబాయిలో దిగిన కొద్దిదినములకే మహాత్ముని ప్రభుత్వము వారు చెరసాలకు పంపిరి. రాకుమార్తెలను నైజాము బంధువులు మహలునకు తీసికొనిపోయిరి. ఒకే ఓడనుండి దిగినవారి దారులు ఎంత భిన్నములో చూడుడు. ఆ ప్రయాణములోనే ఇద్దరు వధువులకును చీర కట్టుకొనుట నేర్పిరట. తరువాత నీలోఫర్ చీర కట్టు ఎంత ప్రసిద్ధమైనదనగా, ఆమె కట్టిన చీరలు న్యూయార్కు నగరపు వస్త్రప్రదర్శనశాలలో చేరి యున్నవి. పరాయిదేశపు పిల్ల మన కట్టును నేర్చి లోకమునకు చూపినది.

హైదరాబాదులో ఆమె కాపురము హిల్‌ఫోర్టు మహలున. భర్త మొఅజ్జం జాహు నగరాభివృద్ధి సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. ఆయన పేరు పెట్టిన బజారు నేటికిని హైదరాబాదున నున్నది. ఆయన షాజీ యను పేరుతో ఉర్దూ కవిత్వము కూడ చెప్పుచుండెడివాడు. ఆ కాలమున ఆ నగరమున గొప్పయింటి స్త్రీలు పరదా దాటి వచ్చువారు కారు. నీలోఫరును, దుర్రు షెహ్వారును పరదా లేకయే సభలకును, విందులకును, పాఠశాలలకును పోయివచ్చుచుండిరి. మామగారగు నైజాము అందుకు అడ్డు చెప్పలేదు. పైపెచ్చు కోడండ్రయెడ అభిమానము చూపెను. వీరిని చూచి ఎందరో ఇండ్ల పరదాలు తొలగినవని ఆ నగరపువారు చెప్పుదురు. నీలోఫర్ అందమును గూర్చి నాటి పత్రికలు ఎంతో వ్రాసినవి. ఆ వర్ణనలు నేను చేయను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆమె నర్సు పని నేర్చుకొని సేవ చేసెనన్నది నాకు అంతకంటె చెప్పదగిన సంగతి. మహలులో నౌకర్లు చేతులు కడుగుటకు నీళ్లు పోయు రాకుమారి, పరుల గాయములు కడుగుట నేర్చెను.

దుర్రు షెహ్వారునకు 1933లో ముకర్రం జాహును, 1939లో ముఫఖ్ఖం జాహును పుట్టిరి. నీలోఫరునకు సంతానము కలుగలేదు. వైద్యమునకై ఐరోపాకు పోయివచ్చెను, ఫలము లేకపోయెను. సంతానము లేని కోడలికి గుడిసెలోనైనను, మహలులోనైనను వినవలసిన మాట లొకటే. పల్లెలో ఆ మాట పైకి అందురు. మహలులో చాటున అందురు. అంతియే భేదము. ఏడేండ్లు, పదేండ్లు, పదునైదేండ్లు గడచినవి. 1948లో మొఅజ్జం జాహు మరియొక వివాహము చేసికొనెను.

ఆ సంవత్సరమే సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు ప్రవేశించినది. అయిదు దినములలో నైజాము ఏలుబడి ముగిసినది. చిన్ననాట ఒక సామ్రాజ్యము కూలుట చూచిన స్త్రీ, ముప్పది రెండేండ్ల వయసున మరియొక రాజ్యము ముగియుట చూచినది. పుట్టినింటి రాజ్యము పోయెను. మెట్టినింటి రాజ్యము పోయెను. భర్త యింటిలో తన స్థానమును పోయెను. ఇట్టివారి కథ ఇచ్చట ఆగిపోవుట సహజము. ఈమె కథలో చెప్పదగిన భాగము ఇక్కడనే మొదలగుచున్నది.

1949లో నీలోఫర్ పరిచారికలలో ఒకతె పురిటిలో మరణించెను. మహలులో పనిచేయునది. రాజవైద్యులు ఎక్కి దిగు మెట్లను తానే తుడిచినదై యుండును. అయినను ఆమెకు వేళకు తగిన వైద్యము అందలేదు. తల్లులకును, శిశువులకును తగిన వైద్యవసతులు నాడు ఆ నగరమున చాలకపోవుటయే అందుకు కారణమని నీలోఫర్ గ్రహించెను.

ఈ సంగతి చదువునపుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. చదువరులు అనుమతించినచో నా యింటి మాట ఒకటి చెప్పెదను. నాకప్పుడు ఏడేండ్లుండును. వానకాలము. మా మేనత్త పురిటికి మా యింటికి వచ్చియుండెను. రెండు దినములు నొప్పులు పడెను. మంత్రసాని తనకు తెలిసినదంతయు చేసెను. బిడ్డ అడ్డము తిరిగినదని చెప్పినది. మూడవనాటి రాత్రి మా తాత ఎడ్లబండి కట్టి, గడ్డి పరచి, ఆమెను పండుకొనబెట్టి టెక్కలికి బయలుదేరెను. నౌపడ ఉప్పుమడులు దాటకమునుపే ఆమె ప్రాణము పోయెను. బిడ్డయు దక్కలేదు. తెల్లవారునప్పటికి బండి తిరిగి మా వాకిట నిలిచెను. మా నాయనమ్మ ఆ బండిని మరల ఇంటిపనులకు కట్టనీయలేదు. ఇది ఒక్క మా యింటి కథ కాదు. ఈ పల్లెలో మూడు తరములు వెనుకకు పోయినచో ఇట్టి కథ లేని యిల్లు అరుదు. పెద్దయైన తరువాత వృత్తిరీత్యా పాత జనన మరణ పుస్తకములు తిరుగవేయునపుడు, మరణకారణము గడిలో ప్రసవమని వ్రాసిన పంక్తులు ఎన్నియో కనబడినవి. వయసు గడిలో పదునెనిమిది, ఇరువది, ఇరువదిరెండు. వ్రాసినవాడు వ్రాసి గీత గీసి ముందుకు పోయెను. నేనును అట్లే వ్రాసియుందును. లెక్కలు వ్రాయువాడు చేయగలది అంతియే.

నీలోఫర్ గీత గీసి ముందుకు పోలేదు. దాసి చనిపోయినచో మరియొక దాసిని పెట్టుకొనుట మహలు మర్యాద. ఆమె అట్లు చేయక, నగరమున తల్లులకును శిశువులకును ఒక ఆసుపత్రి కావలెనని మామగారియొద్ద పట్టుపట్టెను. రెడ్‌హిల్సు ప్రాంతమున ఆ ఆసుపత్రి నిర్మింపబడి 1953లో తెరవబడెను. దానికి నీలోఫర్ పేరే పెట్టిరి. రక్తస్రావము, సూతికాజ్వరము, మూర్ఛలు, బిడ్డ అడ్డము తిరుగుట మొదలైనవి తల్లులను చంపునట్టివి. వేళకు వైద్యుడును, రక్తమును, శస్త్రచికిత్సయు దొరకెనేని వీనిలో చాలవరకు ప్రాణాపాయము తప్పును. ఆ వేళను అందించుటకే ఆ యిల్లు కట్టబడినది.

తేదీలు సరిచూచుట నా అలవాటు. ఈ తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 1952లో నీలోఫరునకును మొఅజ్జం జాహునకును విడాకులైనవి. ఆసుపత్రి తెరచినది 1953లో. అనగా ఆ ద్వారముపై తన పేరు వెలసినాటికి ఆమె ఆ యింటి కోడలు కాదు. ఇంకొక తేదీ. ఉస్మానియా వంశపు స్త్రీలు మరల స్వదేశమునకు రావచ్చునని తురుష్క ప్రభుత్వము శాసనము చేసినదియు 1952లోనే. ఇరువదియెనిమిదేండ్ల తరువాత పుట్టినింటి తలుపు తెరచిన సంవత్సరమే మెట్టినింటి తలుపు మూసికొన్నది. ఇట్టి కూడికను కవి కల్పించినచో మనము నమ్మము. చరిత్రము కల్పించినది గనుక నమ్మక తప్పదు.

తరువాత ఆమె జీవితము ఫ్రాన్సు దేశమున పారిసు నగరమున గడచినది. 1963లో అమెరికా దేశీయుడగు ఎడ్వర్డు జూలియస్ పోపు అనునాయనను వివాహమాడెను. 1989వ సంవత్సరము జూన్ 12వ తేదీన, డెబ్బదిమూడేండ్ల వయసున పారిసులో మరణించెను. ఆ నగరమునకు చేరువనున్న బొబిన్యీ ముస్లిము శ్మశానవాటికలో ఆమెను సమాధి చేసిరి. పుట్టిన నేల ఇస్తాంబూలు, పెరిగిన యూరు నీసు, మెట్టిన యూరు హైదరాబాదు, కన్ను మూసిన యూరు పారిసు. నాలుగు ఊళ్లలో ఆమె పేరు దినమునకు వేలమార్లు వినబడునది హైదరాబాదున మాత్రమే. బిడ్డను చంకనెత్తుకొని ఏ పల్లెనుండియో వచ్చిన తల్లి, ఆటోవానితోడను బస్సువానితోడను ముందుగా పలుకునది ఆ పేరే.

ఇట్టి స్త్రీ లోకమున ఈమె యొక్కతెయే కాదు. ఇంగ్లండు రాణి విక్టోరియా రెండవ కుమార్తె ఆలీసు 1862లో జర్మనీదేశపు హెస్సీ రాకుమారుని పెండ్లాడి డార్ముస్టాటు నగరమునకు కోడలై పోయెను. అచట ఆమె రాచఠీవి మాని రోగులను, యుద్ధమున గాయపడినవారిని పరామర్శించుచు, స్త్రీలకు రోగిసేవ నేర్పు సంఘమును 1867లో స్థాపించెను. ఆమె పేరిట ఆ యూర ఆసుపత్రి వెలసినది. 1878లో ఆమె యింట కంఠసర్పి రోగము ప్రవేశించి, భర్తకును బిడ్డలకును సోకెను. చిన్నకూతురు మరణించెను. తక్కిన బిడ్డలకు సేవ చేయుచు తల్లియు ఆ రోగమునే తెచ్చుకొని, డిసెంబరు 14వ తేదీన ముప్పదియయిదేండ్ల వయసున చనిపోయెను. పదునేడేండ్ల క్రిందట ఆమె తండ్రి మరణించినదియు ఆ తేదీననే. ఆలీసునకు బిడ్డలు కలరు, నీలోఫరునకు లేరు. అయినను పరాయిదేశమునకు కోడలై పోయి, ఆ దేశపు రోగుల మంచముప్రక్కన తమ చోటు వెదకికొనుటలో ఇద్దరును ఒక్కటియే. నీలోఫరుతోడనే వచ్చిన దుర్రు షెహ్వారు పేరిటను హైదరాబాదు పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రి యున్నది. ఆమె 2006లో లండనున మరణించెను.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడగా హైదరాబాదు మనకును రాజధాని యయ్యెను. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము వేరు రాష్ట్రమయ్యెను. రాజ్యములు కలియును, విడిపోవును. సరిహద్దు రాళ్లు పాతుటయు, పెరుకుటయు నా వృత్తిలో నేనెరిగినదే. నీలోఫర్ ఆసుపత్రి మాత్రము ఉస్మానియా వైద్యకళాశాలకు అనుబంధమై, వైద్యవిద్యార్థులకు పాఠశాలయై, ప్రజల బిడ్డలకు నేటికిని ప్రభుత్వపు ఆసుపత్రియై నిలిచియున్నది. నైజాము పెట్టెలలోని వజ్రములు ఎవరెవరికో చెందినవి. దాసి మరణము వలన పుట్టిన యిల్లు అందరికిని చెందినది.

ఇప్పుడు మొదట నడిగిన ప్రశ్నకు వత్తము. రాజసుందరి పేరు కొడుకు శాసనమున నిలిచెను. కొడుకు లేని నీలోఫర్ పేరు ఏ శాసనమున నిలిచెనని యడిగితిమి గదా. ఆ ఆసుపత్రిలో దినదినము వ్రాయు జనన పుస్తకమున నిలిచెను. మనకు చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట పరదేశపు పక్షులు వచ్చి చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలు వచ్చినపిదప ఎగిరిపోవుటను మనమందరమును చూచుచున్నాము. ఆ యూరివారు వానిని పురిటికి వచ్చిన ఆడబిడ్డలవలె చూచుకొందురు. ఈ పక్షి గూడు కట్టినది తన పిల్లలకు కాదు. అంతమాత్రమున అది గూడు కాకపోదు.

ఈ కథను మన గ్రంథాలయ సంచికలో వ్రాయుటకు మరియొక కారణము గలదు. మన బీరువాలలో రాజుల కథలు పెక్కులు కలవు. దాసి మరణమును లెక్కలోనికి తీసికొన్నవారి కథలు తక్కువ. మన యింటి ఆడపడుచులు, కోడండ్రు ఈ గ్రంథాలయపు గడప ఎక్కుట ఇంకను తక్కువ. రజతోత్సవము నాడైనను ప్రతి చందాదారుడు తన యింటి స్త్రీ నొకతెను చందాదారుగా చేర్చినచో, మనము పండుగ చేసికొన్నందుకు ఫలము దక్కును. సంతానము లేదని ఏ కోడలినైనను మాట యనబోవునపుడు ఈ నల్లకలువను తలచుకొని నోరు పట్టుకొన్నచో, ఈ వ్యాసము వ్రాసినందుకు నాకు ఫలము దక్కును. నొప్పులు మొదలైన గర్భిణిని మూడవదినము వరకు ఉంచక మొదటిగంటలోనే ఆసుపత్రికి చేర్చినచో, మా మేనత్త ఎక్కిన బండి ఇక ఈ యూర ఎవరి వాకిటను నిలువదు.